చిన్న స్టూడియోకి ఏ సాఫ్ట్‌వేర్: ఫోటోషాప్, జింప్, కోరెల్, అఫినిటీ?

ఉప్పల్_స్టూడియో

అందరికీ నమస్కారం. ఉప్పల్‌లో నేనూ మా తమ్ముడూ కలిసి చిన్న ఫోటో స్టూడియో నడుపుతున్నాం. రోజువారీ పని పాస్‌పోర్టు, వీసా ఫోటోలు తీయడం, పాత ఫోటోలు బాగుచేసి ఫ్రేము కట్టించి ఇవ్వడం. ఈ ఏడాది నుంచి శుభలేఖలు, బోనాల ఫ్లెక్సీలు కూడా అడుగుతున్నారు. మా కాలనీ సంఘం వారు రెండు నెలలకోసారి తెచ్చే పత్రికకు పేజీలు పెట్టే పని కూడా మాకే ఇస్తామన్నారు. పదహారు పేజీలు, పూర్తిగా తెలుగులో.

స్టూడియో మా చేతికి వచ్చేసరికి కంప్యూటర్‌లో ఉన్నవన్నీ లైసెన్సు లేని కాపీలే. అన్నీ తీసేశాం. ఇకపై డబ్బు కట్టి కొన్నదో, న్యాయంగా ఉచితంగా దొరికేదో తప్ప వాడకూడదని ఇద్దరం గట్టిగా అనుకున్నాం. కానీ ఏది తీసుకోవాలో తేలడం లేదు. ఫోటోషాప్ లేనిదే పని జరగదని ఒకరు, జింప్ చాలని ఒకరు, ప్రింటింగ్ అంటే కోరెలే అని మరొకరు చెబుతున్నారు. మాది ఐ5 కంప్యూటర్, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఈ పనుల మీద అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

పెళ్ళిఫోటో_కూకట్‌పల్లి

చెల్లెమ్మా, ముందూ వెనకా చూడకుండా ఫోటోషాప్ తీసుకోండి. చందా కట్టే ఫోటోగ్రఫీ ప్లాన్‌లో లైట్‌రూమ్ కూడా కలిసి వస్తుంది. ఫంక్షను ఫోటోలు వందల్లో, వేలల్లో ఉంటాయి. ఒక ఫోటోకు సరిచేసిన రంగును మిగతా వరుసకంతా ఒక్కసారే అన్వయించడం లైట్‌రూమ్‌లో క్షణాల పని. ఇక పెళ్ళి ఆల్బమ్ సంగతి. మార్కెట్లో దొరికే ఆల్బమ్ డిజైన్లన్నీ పీఎస్‌డీ ఫైళ్ళే, అంటే ఫోటోషాప్ సొంత ఫైళ్ళే. వాటిలో స్మార్ట్ ఆబ్జెక్టులు, లేయర్ (ఒకదాని మీద ఒకటి పరిచే పొర) ఎఫెక్టులు ఉంటాయి. వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఫైలు తెరుచుకుంటుంది కానీ ఉన్నదున్నట్టు రాదు.

ఒక్క హెచ్చరిక. ర్యామ్ పెంచుకోండి. 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అంటే 10,800×3,600 పిక్సెళ్ళు. ఒక్క లేయరే వంద ఎంబీ దాటుతుంది. నాలుగైదు ఫోటోలు, నేపథ్యం, నీడలు పెట్టేసరికి 8 జీబీ మెషిన్ ఆయాసపడుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్తే సరిపోయే ర్యామ్ దొరుకుతుంది. చందాకన్నా ముందు ఆ ఖర్చు పెట్టండి.

స్వేచ్ఛాదారి

అన్నగారూ, ఆవిడ అడిగిన పనుల్లో పెళ్ళి ఆల్బమ్ లేదు. పాస్‌పోర్టు ఫోటో, పాత ఫోటో, శుభలేఖ, ఫ్లెక్సీ, పత్రిక. వీటిలో ఒక్కదానికీ చందా కట్టవలసిన అవసరం లేదు.

జింప్ నిన్న మొన్న పుట్టినది కాదు. 1995లో బర్క్‌లీలో ఇద్దరు విద్యార్థులు, స్పెన్సర్ కింబల్, పీటర్ మ్యాటిస్ మొదలుపెట్టారు. 2025 మార్చిలో 3.0 వచ్చింది. అంతకుముందు వరకు ఉన్న పెద్ద లోటు అందులో తీరింది. ఇప్పుడు ఫిల్టరు వేశాక కూడా వెనక్కి వెళ్ళి దాని విలువలు మార్చుకోవచ్చు. అసలు చిత్రం చెడదు. గీతలకూ లోగోలకూ శుభలేఖలకూ ఇంక్‌స్కేప్ ఉంది. పేజీలు పెట్టడానికి స్క్రైబస్ ఉంది. మూడూ ఉచితం, మూడూ మీ 8 జీబీలో నడుస్తాయి. గచ్చిబౌలిలో స్వేచ్ఛ సంస్థవారు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగలిగేది) కోసమే పనిచేస్తున్నారు. నేర్చుకోవాలనే ఆసక్తి ఉంటే వెళ్ళి కలవండి.

కష్టమల్లా మొదట్లో చెయ్యి తిరగకపోవడమే. ఫోటోషాప్ అలవాటు ఉన్నవారికి జింప్‌లో ఏదీ ఉండవలసిన చోట లేదనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునే మీ తమ్ముడికి ఆ ఇబ్బంది ఉండదు.

చిక్కడపల్లి_ప్రెస్సు

అమ్మా, ఏ సాఫ్ట్‌వేర్ అని అడిగే ముందు మీ ఫైలు ఎవరి చేతికి వెళ్తుందో చూసుకోండి. మీరు చెప్పిన పనులు మూడు చోట్లకు వెళ్తాయి.

ఫోటో ల్యాబుకు వెళ్ళేది ఆర్‌జీబీలోనే, అంటే తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పద్ధతిలోనే ఉండాలి. ల్యాబులు సాధారణంగా ఎస్‌ఆర్‌జీబీ జెపెగ్ అడుగుతాయి. దాన్ని సీఎంవైకే, అంటే అచ్చు సిరాల పద్ధతిలోకి మార్చి ఇస్తే రంగులు మసకబారుతాయి. ఫ్లెక్సీది వేరే లెక్క. అది దూరం నుంచి చూసేది కాబట్టి 300 డీపీఐ అక్కర్లేదు. పది అడుగులకు ఆరు అడుగుల ఫ్లెక్సీ 72 డీపీఐలో చేసినా 8,640×5,184 పిక్సెళ్ళు అవుతుంది, చాలు. వాళ్ళకు టిఫ్ గానీ మంచి జెపెగ్ గానీ ఇస్తే సరిపోతుంది. ఈ రెండింటికీ మీరు ఏ సాఫ్ట్‌వేర్ వాడారో ఎవరూ అడగరు.

ఆఫ్‌సెట్, అంటే ప్లేట్లతో అచ్చువేసే మా పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం జాగ్రత్త పడాలి. మాకు నాలుగు ప్లేట్లు: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. స్క్రీను మీద నల్లగా కనిపించే ఆర్‌జీబీ అక్షరాన్ని సీఎంవైకేకి మారిస్తే అది ఒక్క నల్ల సిరాగా రాదు. నాలుగు రంగులూ కలిసిన నలుపు అవుతుంది. అంటే ప్రతి అక్షరమూ నాలుగు ప్లేట్ల మీదా పడుతుంది. కాగితం వెంట్రుకవాసి జరిగినా అక్షరం అంచున గులాబీరంగో నీలమో తొంగిచూస్తుంది. పెద్ద శీర్షికకైతే కంటికి ఆనదు. తొమ్మిది పాయింట్ల తెలుగులో ఒత్తులు ఎంత చిన్నవి! ‘ష్ట్ర’ కింద ఉన్న సందులు పూడుకుపోతాయి, ‘క్ష్మి’ ముద్దగా పడుతుంది. ఫైలులో నలుపు వంద శాతం, మిగతా మూడూ సున్నా అని ఉంటే ఈ బాధ ఉండదు.

ఇటీవల ఒక కస్టమర్ తమ పుస్తకం మొత్తాన్ని ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పేజీకొక జెపెగ్‌గా చేసి తెచ్చారు. అక్షరాలన్నీ బొమ్మలైపోయాయి. అంచులు పళ్ళు పళ్ళుగా ఉన్నాయి. నలుపు నాలుగు రంగుల్లో ఉంది. అక్షరం దిద్దాలంటే వీల్లేదు. చివరికి మళ్ళీ మొదటి నుంచి టైపు చేయించారు. పత్రిక పేజీలకు ఫోటోషాపూ వద్దు, జింపూ వద్దు. పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్‌లోనే చేయండి. ఇన్‌డిజైన్ కావచ్చు, స్క్రైబస్ కావచ్చు, నాకు తేడా లేదు. నాకు కావలసింది ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైలులోనే చేర్చిన), చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపుకు వదిలే అదనపు అంచు) ఉన్న పీడీఎఫ్.

ఉప్పల్_స్టూడియో

ఎంత వివరంగా చెప్పారండీ, ధన్యవాదాలు. పత్రిక అట్ట మల్టీకలర్, లోపలి పేజీలు నలుపు ఒక్కటే. అయితే ఒక చిక్కు వచ్చింది. నిన్న ప్రయత్నించి చూద్దామని ఒక సాఫ్ట్‌వేర్‌లో కాలనీ పేరు టైపు చేస్తే ఒత్తులన్నీ విడిపోయి, పక్కపక్కన పొల్లులతో వచ్చాయి. వర్డ్‌లో అదే ఫాంటు చక్కగా ఉంది. లోపం ఫాంటుదా, సాఫ్ట్‌వేర్‌దా?

అమీర్‌పేట_పాఠాలు

సాఫ్ట్‌వేర్‌దే. తెలుగువాళ్ళం సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడంలో అన్నిటికన్నా ముందు చూడవలసింది ఇదే. యూట్యూబ్‌లో పోల్చి చూపించే వీడియోల్లో ఇది ఎక్కడా కనిపించదు, ఎందుకంటే వాటిని చేసేవారికి ఈ అవసరం లేదు.

‘లక్ష్మి’ అన్న మాట యూనికోడ్‌లో (అన్ని కంప్యూటర్లలోనూ అక్షరాలకు ఒకే సంకేతాలు ఉండే పద్ధతి) ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఫైలులో ఉండేది అంతే. క కింద ష ఒత్తు చేరి క్ష అవడం, దానికి మ ఒత్తు తగలడం, గుడి వెనక్కి వచ్చి క్ష తల మీద కూర్చోవడం, ఇదంతా తెర మీద చూపించే సమయంలో జరగాలి. ఆ పని చేసేదాన్ని షేపింగ్ ఇంజన్ అంటారు. అది ఫాంటులోని పట్టికలు చదివి ఏ రూపం ఎక్కడ పెట్టాలో తేలుస్తుంది. ఇంజన్ లేని సాఫ్ట్‌వేర్‌లో ఎంత మంచి ఫాంటు వేసినా మీకు కనిపించినట్టే విడివిడిగా వస్తుంది.

జింప్, ఇంక్‌స్కేప్ రెండూ ఈ పనికి పాంగో, హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీలు వాడతాయి. తెలుగు చక్కగా వస్తుంది. స్క్రైబస్‌లో పాత 1.4 వరుసలో తెలుగు కుదరదు, 1.6 తీసుకోండి. ఫోటోషాప్‌లో 2022 వెర్షను నుంచి ఒకే టెక్స్ట్ ఇంజన్ ఉంది. అంతకు ముందువాటిలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట దక్షిణాసియా లిపుల ఎంపిక పెట్టుకోవాలి. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. ఈ చిన్న మీట తెలియక ఇన్‌డిజైన్‌లో తెలుగు రాదని వదిలేసినవాళ్ళు నా దగ్గరకు చాలామంది వస్తుంటారు.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా కొనేముందు ట్రయల్‌లో ఈ మాటలు టైపు చేసి చూడండి: లక్ష్మి, రాష్ట్రం, సంస్కృతి, జ్యోత్స్న, శ్రీమతి, ఉప్పల్‌లో. ఆ చివరిది మరిచిపోవద్దు. ‘ఉప్పల్’ తర్వాత ‘లో’ విడిగా నిలబడాలంటే మధ్యలో కనబడని సంకేతం ఒకటి ఉండాలి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు కాపీ చేసి అతికించేటప్పుడు దాన్ని మింగేస్తాయి. అప్పుడది ‘ఉప్పల్లో’ అవుతుంది. మీ కాలనీ పత్రికలో ఆ మాట పేజీకి నాలుగుసార్లు వస్తుంది.

ఛత్తాబజార్_కార్డులు

అందరూ చెప్పేది విన్నాను. మా వైపు మాట కూడా చెప్పాలి. మా గల్లీలో కార్డుల పని కోరెల్‌డ్రాలోనే జరుగుతుంది. తెలుగు అంటే అను ఫాంట్లు, ఉర్దూ అంటే ఇన్‌పేజ్‌లో టైపు చేసి కోరెల్‌కు తెచ్చుకోవడం. ఒకే కార్డు మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఉండాలని అడిగే పార్టీలు మాకు రోజూ వస్తారు. పార్టీ పక్కన కూర్చుని ఉండగా పెద్దవాళ్ళ పేర్ల వరుస మార్చాలి, ముహూర్తం దిద్దాలి, వినాయకుణ్ణి కొంచెం పైకి జరపాలి. కోరెల్‌లో ఇవన్నీ ఒకే పేజీ మీద చకచకా అయిపోతాయి. ఏళ్ళ తరబడి పోగైన కలశాలు, అరటి చెట్లు, తోరణాల బొమ్మలు అన్నీ సీడీఆర్ ఫైళ్ళే, అంటే కోరెల్ సొంత ఫైళ్ళే. స్క్రీన్ ప్రింటింగ్, ఫాయిల్, డై కటింగ్ చేసేవాళ్ళు కూడా అదే అడుగుతారు.

కోరెల్ 1989 నుంచి ఉంది. చందా ఒక్కటే కాకుండా ఒకేసారి డబ్బు కట్టి కొనుక్కునే పద్ధతిలోనూ అమ్ముతున్నారు. చిన్న వ్యాపారికి ఒకసారి కట్టేస్తే మనసు నెమ్మదిగా ఉంటుంది. శుభలేఖలు నిజంగా పెద్ద ఎత్తున చేయాలనుకుంటే, అక్కా, ఇది లేకుండా కష్టం.

స్వేచ్ఛాదారి

భాయ్, మీ పనితనం మీద నాకు గౌరవం ఉంది. ఒక కార్డులో మూడు లిపులు అంత పొందికగా కూర్చడం మీ గల్లీవాళ్ళకే చేతనవుతుంది. కానీ అను ఫాంట్ల దగ్గర మాత్రం నేను గట్టిగా విభేదిస్తాను.

ఆ పద్ధతిలో తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాక్కుని ఉంటుంది. ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో తెలుగు, లేని కంప్యూటర్‌లో పిచ్చి గుర్తులు. కార్డు అయితే అచ్చు పడ్డాక ఫైలుతో పని తీరిపోతుంది, ఫరవాలేదు. పత్రిక అలా కాదు. పదేళ్ళ తర్వాత ఎవరో తమ నాన్నగారి గురించి ఫలానా సంచికలో రాశారని వెతుకుతారు. యూనికోడ్‌లో ఉంటే పేరు కొట్టగానే దొరుకుతుంది. అనులో ఉంటే ఒక్కొక్క పేజీ కళ్ళతో చూడాలి. వ్యాసం వాట్సాప్‌లో పంపాలన్నా, వెబ్‌సైటులో పెట్టాలన్నా మార్చుకోవాలి. మార్చే పనిముట్లు ఉన్నాయి కానీ మార్చిన ప్రతిసారీ ఒత్తులు సరిచూసుకోక తప్పదు. మన నగరంలో ఎన్ని చిన్న పత్రికల పాత సంచికలు ఇలా చదవడానికి వీలులేని ఫైళ్ళలో ఇరుక్కుపోయాయో తలచుకుంటే బాధ కలుగుతుంది.

ఫాంట్లకు కొరత కూడా లేదిప్పుడు. మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, పెద్దన, మల్లన్న, ఎన్టీఆర్ అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కాబట్టి వ్యాపార పనికి కూడా నిశ్చింతగా వాడుకోవచ్చు. లోపలి పేజీలకు మండలి, శీర్షికలకు రామభద్ర పెట్టి చూడండి.

ఛత్తాబజార్_కార్డులు

పత్రిక విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను. మాకూ వాట్సాప్‌లో పార్టీ పంపే వివరాలన్నీ యూనికోడ్‌లోనే వస్తున్నాయి. అను ఫాంటులోకి మార్చినప్పుడు ఇంటిపేర్లలో ఒత్తు పోతే పెళ్ళివారి ముందు తలెత్తుకోలేం. కొత్త కోరెల్‌లో యూనికోడ్ తెలుగు నేరుగా వేసే కుర్రాళ్ళు ఇప్పుడు మా దగ్గరే తయారయ్యారు. కానీ అను ఫాంట్ల అక్షర సౌందర్యం, శుభలేఖకు పనికొచ్చే ఆ ఒంపులు, ఉచిత ఫాంట్లలో ఇంకా తక్కువే. అది కూడా నిజమే కదా.

చిక్కడపల్లి_ప్రెస్సు

నిజమే. శీర్షిక అక్షరాల విషయంలో నాదీ అదే మాట.

మాదాపూర్_డిజైన్

అఫినిటీ పేరు ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. బ్రిటన్‌లోని సెరిఫ్ అనే సంస్థ తయారుచేసింది. 2024లో కాన్వా కొనుక్కుంది. 2025 అక్టోబరు చివర్లో ఫోటో, డిజైన్, పేజీ లేఅవుట్ మూడింటినీ ఒకే అప్లికేషన్‌గా కలిపి ఉచితంగా ఇచ్చారు. కాన్వా ఖాతా ఉంటే చాలు. ఏఐ సౌకర్యాలు కావాలంటేనే డబ్బు కట్టాలి. సీఎంవైకే మొదటి నుంచీ ఉంది, ప్రెస్సుకు కావలసిన పీడీఎఫ్ వస్తుంది, తక్కువ ర్యామ్‌లోనూ చురుకుగా పనిచేస్తుంది. ఇంగ్లీషు పని వరకు నేను దీన్ని కళ్ళుమూసుకుని సిఫారసు చేస్తాను.

తెలుగు దగ్గరే చిక్కు. భారతీయ లిపుల సంయుక్తాక్షరాలు కుదరవన్నది అఫినిటీ మీద ఏళ్ళ నాటి ఫిర్యాదు. పై మాటల పట్టీతో పరీక్షించకుండా పత్రిక మొదలుపెట్టకండి. శీర్షిక వరకైతే ఉపాయం ఉంది. ఇంక్‌స్కేప్‌లో తెలుగు టైపు చేసి, ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కి గీతలుగా మార్చి, ఎస్‌వీజీగా (గీతల బొమ్మలు దాచే ఫైలు) సేవ్ చేసి తెచ్చుకోవచ్చు. గీతలుగా మార్చని అసలు ఫైలు వేరుగా దాచుకోవాలి, లేకపోతే తర్వాత అక్షరం దిద్దలేరు. ఫ్లెక్సీలకు ఇది హాయిగా సరిపోతుంది. పదహారు పేజీల వ్యాసాలకు ఇలా చేయడం అయ్యే పని కాదు.

ఉచితం అన్నంత మాత్రాన జింప్ ఉచితమూ ఇదీ ఒకటి కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఒక కంపెనీ ఉచితంగా ఇచ్చినదాన్ని రేపు ఆ కంపెనీయే షరతులు మార్చి ఇవ్వవచ్చు. అందుకని ప్రతి పనికీ ఒక పీడీఎఫ్, ఒక టిఫ్ పక్కన పెట్టుకుంటాను.

పాత_ఫోటోలు

మీరు పాత ఫోటోలు బాగుచేస్తారని చదివి రాస్తున్నాను. నేను చాలాకాలంగా ఈ పనే చేస్తున్నాను. ఈ పనికి ఫోటోషాప్, జింప్ రెండింటిలో ఏదైనా సరిపోతుంది. ఫలితం చెయ్యి మీద, ఓపిక మీద ఆధారపడి ఉంటుంది.

స్కాన్ 600 డీపీఐలో, 16 బిట్‌లో చేయండి. మాటవరుసకు, మన దగ్గరకు వచ్చే నలుపు తెలుపు ఫోటోల్లో ఎక్కువగా కనిపించేది పసుపు మరక. చాలామంది దాన్ని బ్రష్షుతో రుద్ది తీయాలని చూస్తారు, ముఖం అరిగిపోతుంది. ఫోటోను రంగులోనే స్కాన్ చేసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్ళు విడదీసి చూడండి. జింప్‌లో కలర్స్, కాంపోనెంట్స్, డీకంపోజ్. పసుపు మరక నీలం ఛానెల్‌లో నల్లగా కనిపిస్తుంది, ఎరుపు ఛానెల్‌లో దాదాపు కనిపించదు. ఆ ఎరుపు ఛానెల్‌నే నలుపు తెలుపు ఫోటోగా తీసుకుంటే సగం పని అక్కడే అయిపోతుంది. ఆ తర్వాత గీతలు, మడతలు హీల్ టూల్‌తో, వేరే లేయరు మీద. అసలు లేయరును ముట్టుకోకూడదు.

ఇప్పుడు అసలు మాట. ఫోటోషాప్‌లో 2023లో జనరేటివ్ ఫిల్ వచ్చింది. ముఖాలు బాగుచేస్తామనే ఏఐ యాప్‌లు ఇంకా ఎన్నో ఉన్నాయి. గోడకో, చీర అంచుకో, చిరిగిన మూలకో వాడితే అభ్యంతరం లేదు. ముఖం మీద మాత్రం వాడవద్దని చేతులెత్తి మొక్కుతున్నాను. మసకబారిన కన్నును యంత్రం సరిచేయదు, ఊహించి కొత్తది పెడుతుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అది ఆ ఇంటి తాతగారి కన్ను కాదు. ఆ మనిషికి మిగిలిన ఫోటో అదొక్కటే అయితే, మనవలు రేపటి నుంచి ఎవరినో చూసి తాత అనుకుంటారు. మసకగా ఉన్నా ఆయన కళ్ళే ఉండనివ్వండి. వచ్చినవారికి ఈ మాట వివరంగా చెప్పండి, అర్థం చేసుకుంటారు.

పెళ్ళిఫోటో_కూకట్‌పల్లి

పెద్దాయన మాటకు వంద నమస్కారాలు. వీసా ఫోటోలకూ ఇదే వర్తిస్తుంది. నానక్‌రామ్‌గూడలోని అమెరికన్ కాన్సులేటుకు వెళ్ళేవాళ్ళు మన స్టూడియోలకే వస్తారు. వాళ్ళకు 2×2 అంగుళాలు, డిజిటల్ అయితే కనీసం 600×600 పిక్సెళ్ళు. మచ్చలు తీయడం, చర్మం నునుపు చేయడం పనికిరాదు. కళ్ళద్దాలు కూడా తీయించాలి. మామూలు 35×45 మిల్లీమీటర్ల ఫోటో 300 డీపీఐలో 413×531 పిక్సెళ్ళు, 4×6 కాగితం మీద ఎనిమిది పడతాయి. జింప్‌లో ఒకసారి ఆ షీటు తయారుచేసి పెట్టుకుంటే రోజూ పని సులువు. ఈ పనికి ఫోటోషాప్ అవసరం లేదని నేనూ ఒప్పుకుంటున్నాను. ఆల్బమ్‌లు మొదలుపెట్టే రోజు మాత్రం నా మాట గుర్తు చేసుకోండి.

అమీర్‌పేట_పాఠాలు

ఆ రోజు వస్తే చందా షరతులు చదివి కట్టండి. నెలనెలా చెల్లించే వార్షిక ఒప్పందం వేరు, ఏ నెలకా నెల కట్టేది వేరు. మొదటిదాని ధర తక్కువ కనిపిస్తుంది కానీ అది ఏడాది ఒప్పందం. మొదటి 14 రోజులు దాటాక మధ్యలో మానేస్తే మిగిలిన నెలల మొత్తంలో సగం రుసుముగా పడుతుంది. ఈ రుసుమును స్పష్టంగా చెప్పడం లేదన్న ఆరోపణతోనే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిఫారసు మీద అమెరికా న్యాయశాఖ 2024 జూన్‌లో ఫోటోషాప్ తయారుచేసే అడోబీ మీద దావా వేసింది. పెళ్ళిళ్ళ కాలంలో మాత్రమే పని ఉంటుందనుకుంటే ఏ నెలకా నెల కట్టేదే మేలు.

ఉప్పల్_స్టూడియో

అందరూ చెప్పినవి ఒక్కొక్కటిగా ప్రయత్నించి చూశాం. ఫలితాలు రాస్తున్నాను.

మాటల పట్టీ జింప్‌లో, ఇంక్‌స్కేప్‌లో, స్క్రైబస్ 1.6లో తప్పు లేకుండా వచ్చింది. ‘ఉప్పల్‌లో’ కూడా. మా వీధిలో పెద్దాయన ఒకరు తెచ్చిన పెళ్ళి ఫోటోకు ఎరుపు ఛానెల్ పద్ధతి చేశాం. మొత్తం పరుచుకున్న మరక దాదాపు మాయమైంది. ముఖాల జోలికి పోలేదు. నుదుటి మీద మడత గీత ఒక్కటే తమ్ముడు ఓపికగా తీశాడు.

కాబట్టి ఇప్పటికి ఇలా అనుకుంటున్నాం. ఫోటోలకు జింప్. ఫ్లెక్సీలకు, చిన్న చిన్న కార్డులకు ఇంక్‌స్కేప్. పత్రికకు స్క్రైబస్, మండలి, రామభద్ర. శుభలేఖలు పెద్ద సంఖ్యలో వస్తే మేము డిజైను చేయకుండా ఛత్తాబజార్‌కే తీసుకువెళ్తాం, ఆ పని వాళ్ళదే. చందా డబ్బు మిగిలింది కాబట్టి ముందు ర్యామ్ 16 జీబీ చేయించాం.

రెండు సందేహాలు మిగిలాయి. అట్ట బొమ్మ జింప్‌లో ఉంది, అది సీఎంవైకే కాదు కదా, ఎలా ఇవ్వాలి? రెండోది, పేజీని మూడు కాలమ్స్‌గా పెట్టి రెండు వైపులా సమం చేస్తే మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు వస్తున్నాయి.

స్వేచ్ఛాదారి

మొదటిదానికి: జింప్ 3లో పూర్తి సీఎంవైకే మోడ్ లేదు. కానీ ప్రెస్సువారి కలర్ ప్రొఫైల్ (వాళ్ళ అచ్చులో రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలు) అడిగి తీసుకుని సాఫ్ట్ ప్రూఫ్‌లో పెట్టుకుంటే అచ్చులో రంగు ఎలా పడుతుందో ముందే చూడవచ్చు. టిఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు సీఎంవైకే ఎంచుకోవచ్చు. బొమ్మ వరకు అలా తెచ్చి స్క్రైబస్‌లో పెట్టండి. పత్రిక పేరు, సంచిక వివరాలు మాత్రం జింప్‌లో రాయకండి. స్క్రైబస్‌లోనే రాసి రంగు నలుపు వంద శాతం ఇవ్వండి.

చిక్కడపల్లి_ప్రెస్సు

అంతే. ముదురు నీలం, చిలకపచ్చ, కాషాయం స్క్రీను మీద మెరిసినంతగా కాగితం మీద మెరవవు. బోనాల సంచికకు అట్ట మీద పసుపు, కుంకుమ రంగులు పెడతారేమో, అవి బాగానే పడతాయి.

రెండోదానికి నేను చెబుతాను. మన మాటలు పొడుగు. ‘నిర్వహించాలనుకుంటున్నామని’ అన్నది ఒకే మాట. సన్నటి కాలమ్‌లో అది పట్టక కిందికి దిగితే పై వరుసలో మూడు మాటలే మిగిలి సాగిపోతాయి. పెద్ద దినపత్రికల్లో ఆపరేటర్లు మాటను అక్షరం దగ్గర విరిచి సర్దుతారు. మీరు మూడు కాలమ్స్ మానేసి రెండు పెట్టండి. స్క్రైబస్‌లో పేరాగ్రాఫ్ సెట్టింగులలో గ్లిఫ్ ఎక్స్‌టెన్షన్ (అక్షరాల వెడల్పు) 98 నుంచి 102 శాతం వరకు వదలండి, కంటికి తెలియకుండా వరుస సర్దుకుంటుంది. అప్పటికీ ఖాళీలు కనిపించిన పేరాను ఎడమవైపు మాత్రమే సమం చేసి వదిలేయండి. వరుసల మధ్య ఎడం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

మొదటి సంచికకు అట్ట, లోపల ఒక పేజీ మాత్రం పీడీఎఫ్ చేసి ముందుగా తీసుకురండి. ప్లేట్లు వేయకముందే మెషిన్ ప్రూఫు తీసి చూపిస్తాను.

ఉప్పల్_స్టూడియో

రెండు కాలమ్స్‌లో పెట్టి చూశాను, పేజీ నిండుగా కుదురుకుంది. సోమవారం తమ్ముడు పెన్‌డ్రైవులో ఆ రెండు పేజీలూ తీసుకుని చిక్కడపల్లి వస్తాడు.